ఇంటి వేడిమిని కొలుచువారు



నేటి ప్రసంగమునకు విషయము కొలత. ఇది పొలము కొలత కాదు, ధాన్యపు కొలతయు కాదు. ఇంటిలోనికి దిగు వేడిమిని, ఆ వేడిమిని పోగొట్టుకొనుటకై మనము వ్యయపరచు విద్యుచ్ఛక్తిని కొలుచుట. ఆ కొలతను బట్టి కట్టడములకు తరగతులు నిర్ణయించు పద్ధతియు, అట్లు నిర్ణయించువారికి శిక్షణ నిచ్చు పద్ధతియు లోకమున ఎట్లు పుట్టినవో, మన తెలుగునాట ఎంతవరకు వచ్చినవో, చెవిటికల్లువంటి కృష్ణ యొడ్డు పల్లెకు వానితో నేమి సంబంధమో మనవి చేసెదను.

మొదట మనకు తెలిసిన కొలతతోనే ప్రారంభింతము. పొలము కొలుచు గొలుసు 66 అడుగులు; దానికి నూరు లింకులు. పది చదరపు గొలుసులైనచో ఒక ఎకరము. ఈ లెక్క పల్లెలో చదువుకొన్నవారికందరికిని తెలిసినదే. అయినను గట్టు తగవులు తరతరములుగా ఏల వచ్చుచుండెను? గొలుసు తప్పుటచేత కాదు, గొలుసు పట్టినవాని చేయి వదులగుటచేత. 1984లో మన రాష్ట్రమున కరణీకము రద్దయ్యెను. గొలుసులు పోయి యంత్రములు వచ్చెను. కాని కొలుచువాని నేర్పును, నిజాయితీయును కావలసిన యవసరము మాత్రము రద్దు కాలేదు.

కొలుచువారిని తయారుచేయుట యనునది మన కృష్ణాతీరమునకు క్రొత్త సంగతి కాదు. 1794లో చెన్నపట్టణమున కుంపిణీవారు ఒక చిన్న సర్వే పాఠశాలను తెరచిరి. మైకేల్ టాపింగ్ అను జ్యోతిశ్శాస్త్రవేత్త దానికి కారకుడు. ఆయన కృష్ణా గోదావరీ ప్రాంతములను కొలిచి, ఈ నదుల నీటిని పొలములకు మరలింపవచ్చునని మొదట తలపోసినవారిలో నొకడు. 1796లో మచిలీపట్టణమునందే ఆయన జ్వరముచే మరణించెను. కొద్దిమంది బాలురతో మొదలైన ఆ బడియే క్రమముగా పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల యయ్యెను. బెజవాడ యానకట్ట పూర్తియైనది 1855లో. అనగా కాలువ త్రవ్వుటకు ఆరు దశాబ్దములకు ముందే, మెరకపల్లములను కొలుచువారిని తయారుచేయు బడి వెలసినది. కొలత ముందు, కట్టుట వెనుక. ఈ క్రమము తప్పినచోట ధనము నీళ్లపాలగును.

ఇక ఇంటి సంగతి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల యెండ యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ మెట్టసీమ 2022లో కృష్ణాజిల్లా నుండి విడివడి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినది గాని, వేసవి మాత్రము మారలేదు. మన పూర్వులు ఈ యెండకు తగినట్లే ఇండ్లు కట్టుకొనిరి. మూరెడు మందము గల మట్టిగోడలు, తాటాకు కప్పు లేక మట్టిమిద్దె, ముందు పంచ, నడుమ మండువా, గోడలకు సున్నము, నేలకు నాపరాయి. మట్టిగోడ యెండను మెల్లగా త్రాగును. ఆ వేడి లోపలికి చేరునప్పటికి ప్రొద్దు క్రుంకి, బయట గాలి చల్లబడును. మండువాలోని వేడిగాలి పైకి పోవ, పంచ నీడలోని గాలి లోనికి వచ్చును. ఈ శాస్త్రమును ఎవరును పుస్తకములలో చదువలేదు. మేస్త్రికి తండ్రి చెప్పెను, తండ్రికి తాత చెప్పెను.

అయినను ఆ ఇండ్లన్నియు స్వర్గములని నేను చెప్పను. తాటాకు ఇంటికి వేసవి వచ్చిన అగ్నిభయము, వర్షము వచ్చిన కురియుట, ఏడాదికో రెండేండ్లకో నేత మార్చుట తప్పలేదు. చెదలు, చీకటి, తేలు భయము సరేసరి. కనుక సిమెంటు కప్పు వచ్చినప్పుడు జనులు దానిని కోరుటలో తప్పులేదు. జగ్గయ్యపేట చెంత 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన బౌద్ధస్తూపపు శిల్పఫలకములు సున్నపురాతివి. ఆ సీమలోని ఆ జాతి రాయియే నేడు కొలుములలో కాలి సిమెంటగుచున్నది. ఆనాడు శిల్పి చేతిలో నిలిచిన రాయి నేడు మన నెత్తిపై కప్పుగా నిలిచినది.

ఆ కప్పునందు ఒక గుణము, ఒక దోషము కలవు. అది వానకు తడిసి పడదు, నిప్పుకు అంటుకొనదు. కాని నాలుగైదంగుళముల కాంక్రీటు మధ్యాహ్నపు టెండను త్వరగా త్రాగి, సాయంకాలము మొదలుకొని రాత్రి చాల ప్రొద్దుపోవువరకు ఇంటిలోనికి క్రక్కుచుండును. అందుచేత పంకా వచ్చెను. పంకా చాలక చల్లబరచు యంత్రము వచ్చెను. ఆ యంత్రమునకు కావలసిన కరెంటులో నధికభాగము బొగ్గునుండి పుట్టుచున్నది. మనకు సమీపమున ఇబ్రహీంపట్నము చెంత 1979లో ప్రారంభమైన థర్మల్ విద్యుత్కేంద్రము ఆ పనియే చేయుచున్నది. ఒక యూనిట్టు పుట్టుటకు సుమారు ముప్పాతిక కిలో బొగ్గు కాలవలెను. కప్పు చేసిన తప్పుకు బొగ్గు, బిల్లు, పొగ అను మూడు జరిమానాలు పడుచున్నవి. కరెంటు లేని రాత్రి, లేక బిల్లు కట్టలేని ఇంట, ఆ జరిమానా దేహమునకే తగులును. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైబడి మరణించిరి. అట్టి వేసవులలో ఎక్కువగా అపాయమునకు లోనగువారు వృద్ధులును, ఎండలో కూలి చేయువారును. కనుక ఇల్లు చల్లగా నుండుట విలాసము కాదు, ప్రాణరక్షణ.

ఈ విషయమును రాజ్యములు పట్టించుకొనుటకు కారణము వేడి కాదు, చలి. 1973లో పెట్రోలు ధరలు ఒక్కసారిగా పెరుగగా, చలిదేశములవారికి ఇండ్లు వెచ్చబెట్టుకొనుట కష్టమయ్యెను. 1975లో స్వీడను, 1977లో పశ్చిమ జర్మనీ, 1978లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము గోడలకును కిటికీలకును వేడి విషయమై నియమములు చేసినవి. తరువాత 1997 నుండి డెన్మార్కు దేశము ఇండ్లకు శక్తిపత్రములు నిచ్చు పద్ధతి ప్రవేశపెట్టెను. 2002 డిసెంబరులో ఐరోపా సమాఖ్య, ఇల్లు అమ్మునప్పుడును అద్దెకిచ్చునప్పుడును అట్టి పత్రము చూపవలెననియు, ఆ పత్రమును అర్హతగల స్వతంత్ర పరీక్షకులే యీయవలెననియు శాసించెను.

ఇచటనే మన కథకు ముఖ్యమైన ఘట్టము వచ్చినది. ఇంగ్లండులో ఈ పత్రములను 2007 జూన్ 1వ తేదీనుండి అమలు జరుపదలచిరి. చట్టము సిద్ధము, పత్రము సిద్ధము, ముహూర్తము సిద్ధము. కాని ఇండ్లు పరీక్షించుటకు శిక్షణపొందినవారు చాలినంతమంది లేరని పదిదినములు ముందుగా తెలియవచ్చెను. న్యాయస్థానపు చిక్కు కూడ తోడైనది. అంతట ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఆగస్టు 1 నుండి నాలుగు పడకగదులును అంతకు మించియు గల ఇండ్లకు మాత్రమే మొదట వర్తింపజేసెను. పెండ్లికి పందిరి వేసి, పురోహితుని పిలుచుట మరచినట్లయ్యెను. చట్టము ఒక్కనాటిలో వ్రాయవచ్చును. కొలుచువానిని ఒక్కనాటిలో తయారుచేయలేము.

మన దేశమున శక్తి సంరక్షణ చట్టము 2001లో పుట్టెను. 2002 మార్చి 1న అది అమలులోనికి వచ్చి, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ యను సంస్థ ఏర్పడెను. మీ ఇంట శీతలపేటికపై కనబడు నక్షత్రముల చీటీ ఆ సంస్థ పెట్టినదే. ఇంగ్లండు చేసిన పొరపాటు ఇచట కొంతవరకు తప్పినది. కట్టడముల నియమావళి 2007లో వచ్చుటకు మూడేండ్ల ముందుగనే, అనగా 2004లోనే, శక్తి వినియోగమును తనిఖీ చేయు ఆడిటర్లకు దేశవ్యాప్తమైన పరీక్ష మొదలయ్యెను. ఆడిటరు కాగోరువాడు నాలుగు పత్రములలో నెగ్గవలెను. మొదటిది శక్తి నిర్వహణకు సంబంధించిన సామాన్య విషయములు. రెండవది వేడితో నడచు యంత్రములు. మూడవది విద్యుత్తుతో నడచు యంత్రములు. నాల్గవది వాని పనితీరును లెక్కగట్టుట.

ఆ కాలముననే మన హైదరాబాదు లోకమున కొక నిదర్శనము చూపినది. కొత్తగూడలో భారత పరిశ్రమల సమాఖ్యవారు, సోరాబ్జీ గోద్రెజ్ పేర హరిత వాణిజ్యకేంద్రమును నిర్మించిరి. దానికి 2003లో అమెరికావారి లీడ్ పద్ధతిలో ప్లాటినమ్ అను మిక్కిలి పై తరగతి లభించెను. అమెరికాకు వెలుపల ఆ తరగతి పొందిన మొదటి కట్టడము అదియే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు దానిని ప్రారంభించిరి. ఆ భవనమున నున్నవేమి? నడుమ ముంగిలి, రంధ్రములుగల జాలీగోడలు, గాలిని చల్లబరచి లోనికి పంపు గోపురములు, కప్పుపై పచ్చిక. మన మండువాయు, మట్టిమిద్దెయు వేషము మార్చుకొని అచట నిలిచినవని అనిన అతిశయోక్తి కాదు. భేదమొక్కటే: మన తాతగారి మండువాకు ఎవరును కొలిచి మార్కులు వేయలేదు; దీనికి వేసిరి.

2009లో కార్యాలయ భవనములకు నక్షత్రముల పద్ధతి వచ్చెను. దాని లెక్క మన పల్లెవారికి సులభముగా బోధపడునది. ఒక భవనము సంవత్సరములో వాడిన యూనిట్లను దాని వైశాల్యపు చదరపు మీటర్లచే భాగింపవలెను. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండెనని మనము చూచినట్లే, ఇచట చదరపు మీటరునకు ఎన్ని యూనిట్లు పోయెనని చూతురు. పంటలో ఎక్కువ మేలు. ఇందులో తక్కువ మేలు.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఇది ఊహించిన భవనము. వైశాల్యము 1,000 చదరపు మీటర్లు, అందు సగముకంటె నెక్కువ భాగమునకు చల్లబరచు యంత్రములు కలవు, ఏటా 1,20,000 యూనిట్లు వాడును. భాగింపగా 120 వచ్చును. ఉక్కపోత గల తీరప్రాంతపు లెక్కలో 100 నుండి 125 వరకు నాలుగు నక్షత్రములు. వందకు లోపు ఐదు. కనుక విశాఖపట్టణమున దీనికి నాలుగు నక్షత్రములు వచ్చును. మిశ్రమ వాతావరణము గల హైదరాబాదున హద్దులు వేరు. అచట 115 నుండి 140 వరకు మూడే నక్షత్రములు. ఇంతవరకు న్యాయమే.

ఇప్పుడు కొలుచువాని చేయి చూడుడు. బండ్లు నిలుపు నేలమాళిగను ఈ లెక్కలో చేర్చరాదు. కాని తెలియకయో, తెలిసియో మదింపుదారు 250 చదరపు మీటర్ల నేలమాళిగను కూడ కలిపెననుకొనుడు. వైశాల్యము 1,250 అయ్యెను. భాగింపగా 96 వచ్చెను. విశాఖలోని ఆ భవనమునకు ఐదు నక్షత్రములు! ఒక్క దీపము ఆర్పలేదు, ఒక్క కిటికీకి నీడ కట్టలేదు. కలపుపోటుతో నక్షత్రము దిగివచ్చెను. గొలుసు ఒక లింకు జారినచో గట్టు జరుగును. ఇచట ఒక అంకె జారినచో నక్షత్రమే జరుగును. అందుచేతనే శిక్షణ యనగా సూత్రము వల్లించుట కాదు. ఏది కలుపవలెనో, ఏది కలుపరాదో, ఎచట అనుమానింపవలెనో తెలిసికొనుట.

2014 జనవరిలో, విభజనకు ముందు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ కట్టడముల నియమావళిని నిర్బంధము చేయుచు ఉత్తరువు వెలువరించెను. 1,000 చదరపు మీటర్లకు మించిన స్థలముగాని, 2,000 చదరపు మీటర్ల కట్టుబడిగాని గల వ్యాపారభవనములకు అది వర్తించును. ఆ యేడు జూన్ 2న రాష్ట్రము రెండైనను, రెండు రాష్ట్రములును ఆ మార్గమును విడువలేదు. నియమావళి అమలుకై హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తోడ్పడెను. 1956లో స్థాపింపబడిన ఆ విద్యాలయము, అధికారులకును ఇంజనీర్లకును ఈ విషయమున శిక్షణము నడపెను. పురపాలక సంఘముల యుద్యోగులకు భవనపు ఎత్తు, వీథికి విడువవలసిన జాగా తెలియును గాని, అద్దముగుండ ఎంత వేడి దిగునో, గోడ ఎంత ఆపునో తెలియుట కష్టము. అందుచేత, గుర్తింపు పొందిన తటస్థ మదింపుదారులు పటములను, పనిని పరిశీలించి ధ్రువపరుపవలెనను పద్ధతి నేర్పరచిరి.

ఇది మంచి పద్ధతియే. కాని ఇందులోనే చిక్కును కలదు. పరీక్షింపబడువాడే పరీక్షకునికి రుసుము చెల్లించుచోట, మొగమోటమి పుట్టుట మానవసహజము. కాటా వేయువానికి అమ్మువాడే కూలి యిచ్చినచో కొనువాని గతి యేమి? దీనికి రెండే మందులు. ఒకటి, ఒకడు వేసిన లెక్కను మరియొకడు అప్పుడప్పుడు చెప్పకుండ తిరిగి కొలుచుట. రెండవది, కాగితముమీద వచ్చిన లెక్కను ఏడాది గడచిన పిదప కరెంటు బిల్లుతో సరిచూచుట. మీటరు మొగమోటమి యెరుగదు.

2018 డిసెంబరు 14న నివాసగృహములకు కూడ ఎకో నివాస్ సంహిత యను నియమావళిని కేంద్రప్రభుత్వము ప్రకటించెను. 2022లో చట్టము సవరింపబడి నివాసములు కూడ దాని పరిధిలోనికి వచ్చెను. కాని సంహిత ఉద్దేశించినది 500 చదరపు మీటర్లును, అంతకు మించియు గల స్థలములను. అనగా పండ్రెండు సెంట్లకు పైమాట. 2020లో మన రాష్ట్రమున పేదలకు పల్లెలలో పంచిన ఇంటిస్థలము ఒక్కొక్కరికి సెంటున్నర. చట్టపు కొలబద్ద పెద్దమేడలకు అందుచున్నది. ఎండ మాత్రము చిన్న కప్పునే ఎక్కువగా కాల్చుచున్నది. ఇదియే నేడు నేను మీ ముందుంచదలచిన ప్రశ్న.

చిన్న కప్పులకు మార్గము లేకపోలేదు. హైదరాబాదున భవనముల కప్పులపై కొలతలు తీసి పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితము వినుడు. మామూలు కాంక్రీటు కప్పునకు తెల్లని పూత వేయగా, కప్పు వైశాల్యములో చదరపు మీటరునకు సంవత్సరమునకు 13 మొదలు 14 యూనిట్లు మిగిలెను. చల్లబరచుటకగు వ్యయములో నూటికి 10 నుండి 19 వంతులు తగ్గెను. ఆ పిమ్మట 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. తెలుపు ఎండను త్రిప్పికొట్టునని మన సున్నపుగోడలు ఎన్నడో చెప్పినవి. మనము గోడకు వేసిన సున్నమును కప్పుకు వేయుట మరచితిమి.

అయితే, నా మాట విని మాత్రము నమ్మవలదు, కొలిచి నమ్ముడు. ఒకే తీరున కట్టిన రెండు గదులను ఎంచుకొనుడు. ఒకదాని కప్పును శుభ్రపరచి తెల్లసున్నము వేయించుడు. రెండవదానిని అట్లే విడువుడు. రెండింటను ఒకేరకపు ఉష్ణమాపకములను, నేలకు ఒకే యెత్తున, గోడకు తగులకుండ వ్రేలాడగట్టుడు. వేసవిలో పదునైదు దినములు, మధ్యాహ్నము మూడు గంటలకును, రాత్రి తొమ్మిది గంటలకును అంకెలు వ్రాయింపుడు. తలుపులు, పంకాలు రెండుచోట్లను ఒకే తీరుగా నుండవలెను. లేనిచో లెక్క చెడును. బడిపిల్లలు చేయదగిన పని యిది. పొడి కప్పుపై సున్నము వానలకు వెలియును గనుక మరల వేయుట తప్పదు. ఆ ఖర్చును కూడ పుస్తకములో వ్రాయవలెను. లాభము వ్రాసి ఖర్చు దాచుట కరణీకములో నెంత తప్పో ఇచటను అంతే తప్పు.

2019లో ఆంధ్రప్రదేశమున గ్రామసచివాలయములు ఏర్పడినప్పుడు వానిలో ఇంజనీరింగు సహాయకులను నియమించిరి. అట్టి యువకులకును, మన పాలిటెక్నిక్కులలో, ఐటీఐలలో చదువు పిల్లలకును ఈ కొలతవిద్య నేర్పినచో, పల్లెలో ఇల్లు కట్టబోవువాడు పునాది తీయుటకు ముందే సలహా పొందగలడు. కప్పునకు ఏ పూత, పడమటి గోడకు ఏ నీడ, కిటికీ ఏ దిక్కున నన్న మాటలు కట్టకముందు కాసు ఖర్చు లేనివి. కట్టిన పిదప వేలు పెట్టినను సరిపడనివి. ఇబ్రహీంపట్నపు బొగ్గు మిగిల్చిన బూడిదతో ఇటుకలు చేయుట నేర్చితిమి. ఆ బొగ్గే కాలకుండ ఇల్లు కట్టుట నేర్చుట అంతకంటె మేలు.

గ్రామపెద్దలారా! రెండువందల ముప్పదియేండ్ల క్రిందట ఒక చిన్నబడిలో కొద్దిమంది బాలురు నేల కొలుచుట నేర్చిరి. ఆ విద్య పెరిగి పెరిగి ఈ నదికి అడ్డుకట్ట కట్టినది, మీ పొలములకు హద్దులు వేసినది. నేడు ఇంటి వేడిమిని కొలుచు విద్య అట్టి బాల్యదశలో నున్నది. అది పట్టణపు మేడలకే పరిమితమగునో, చెవిటికల్లు చావడివరకు వచ్చునో, అది మీరు అడుగుటపై కొంత ఆధారపడియున్నది. మీ యూర క్రొత్త బడిగాని, పంచాయతీ కట్టడముగాని లేచునప్పుడు, "దీని కప్పు ఎంత వేడి దింపును? కొలిచినవారెవరు? ఆ లెక్క చూపుడు" అని యడుగుడు. అడుగువాడు లేనిచోట కొలుచువాడు పుట్టడు.